తెలియని మాట ఎదురైనప్పుడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చదువుతూ చదువుతూ తెలియని మాట దగ్గర ఆగిపోవడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఆ ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం. దాదాపు ఉదాహరణ వాక్యాలన్నీ ఈ జవాబుల కోసం రాసినవే.

ప్రశ్న: పాత నవలలు చదవడం మొదలుపెట్టాను. పేజీకి ఐదారు తెలియని మాటలు తగులుతున్నాయి. ప్రతిదానికీ నిఘంటువు తీస్తే కథ తెగిపోతోంది. తీయకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ సాగిపోవాలి?

జవాబు: ముందు ఒక లెక్క చూసుకోండి. పుస్తకంలో ఎక్కడైనా వరుసగా 100 మాటలు లెక్కపెట్టి, అందులో మీకు బొత్తిగా తెలియనివి ఎన్నో గుర్తించండి. వేర్వేరు పేజీల్లో మూడుసార్లు ఇలా చేస్తే సగటు తెలిసిపోతుంది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల మీద హ్యూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఇదీ: కథను ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసుకోవాలంటే 100 మాటల్లో దాదాపు 98 తెలిసి ఉండాలి. అంటే 50 మాటలకు ఒక్కటే కొత్తది. 100కి 95 మాత్రమే తెలిసినప్పుడు కొందరు నెట్టుకొచ్చారు, ఎక్కువమంది తడబడ్డారు. తెలుగులో విభక్తులూ సంధులూ అతుక్కుని రెండు మూడు మాటలు ఒకటిగా కనిపిస్తాయి కాబట్టి ఈ అంకెలు మనకు అచ్చంగా సరిపోవు. అయినా కొలబద్దగా పనికొస్తాయి.

మీ పేజీలో 250 మాటలుంటే ఐదారు కొత్తవంటే 2 శాతం పైచిలుకు. ఊహించుకుంటూ సాగడానికి ఇది అనువైన స్థాయే. అదే 100కి 10 కొత్తవైతే ఊహ పనిచేయదు. ఆధారం చూపాల్సిన పక్క మాటలే తెలియనప్పుడు దేన్ని పట్టుకుని ఊహిస్తాం? అలాంటి పుస్తకాన్ని టీకా ఉన్న ప్రతిలో చదవాలి, లేదంటే కొన్నాళ్లు పక్కన పెట్టాలి.

ఇక ఎక్కడ ఆగాలన్నది. ఆ మాట తీసేసి వాక్యం చదవండి. ఎవరు ఏం చేశారో తెలుస్తోందా? తెలిస్తే మార్జిన్లో పెన్సిలుతో చుక్క పెట్టి ముందుకు వెళ్లండి. తెలియకపోతే ఆగి, ఆ వాక్యంలో ఆధారాలు వెతకండి. అదే మాట మూడోసారి కూడా ఎదురైందంటే ఈ రచయితకు అది కావలసిన మాటన్నమాట. అప్పుడు నిఘంటువు తీయడం దండగ కాదు. చుక్కలు పెట్టినవాటిని అధ్యాయం చివర ఒకేసారి చూసుకుంటే కథా తెగదు, మాటలూ పోవు.

ప్రశ్న: ‘సందర్భాన్ని బట్టి గ్రహించండి’ అని అందరూ అంటారు. ఎలా గ్రహించాలో ఎవరూ చెప్పరు. పోటీ పరీక్షలకు చదువుతున్నాను. దయచేసి వరస చెప్పండి.

జవాబు: ఒక చిన్న పేరా మీద పూర్తిగా చేసి చూపిస్తాం.

“ఫిర్యాదు అందిన వారంలోపు జవాబివ్వాలని నియమం. అయినా ఆ అధికారి, ఎవరు వెళ్లి అడిగినా ‘రేపు చూద్దాం’ అంటూ మూడు నెలలు తాత్సారం చేశాడు. ఈలోగా అప్పీలు గడువు కాస్తా దాటిపోయింది.”

‘తాత్సారం’ మీకు తెలియదనుకోండి. మొదటి పని, అక్కడ ఆగకుండా వాక్యం చివరిదాకా వెళ్లడం. తెలుగులో క్రియ చివర ఉంటుంది. క్రియ తెలియకుండా మధ్యలో ఆగి ఆలోచించడమంటే సగం ఆధారాలు వదులుకోవడమే. ఇక్కడ క్రియ ‘చేశాడు’.

రెండో పని, ఆ మాట ఏ జాతిదో తేల్చుకోవడం. ‘తాత్సారం చేశాడు’ అన్నాడు కాబట్టి ఇది ఎవరో ఒకరు చేసే పని. చివర ‘-గా’ ఉంటే అది ఎలా జరిగిందో చెప్పే మాట. ‘-మైన’ ఉంటే ఎలాంటిదో చెప్పేది. ‘-ని’, ‘-ను’ చేరితే ఆ పని దేనిమీద జరిగిందో అది. ‘-తో’ ఉంటే తోడో సాధనమో. తెలుగు ప్రత్యయాలు ఇంత ధారాళంగా చెబుతుంటే చాలామంది వాటి వైపు చూడనే చూడరు.

మూడు, అదే వాక్యంలో దాని చుట్టూ ఉన్నవి. చేసినవాడు అధికారి. ఎంతకాలం? మూడు నెలలు. ఎలా? ‘రేపు చూద్దాం’ అంటూ.

నాలుగు, ముందు వాక్యంతోనూ తర్వాతి వాక్యంతోనూ ఉన్న సంబంధం. ముందుది నియమం: వారంలోపు. దాని తర్వాత ‘అయినా’ వచ్చింది, అంటే నియమానికి విరుద్ధంగా ఏదో జరిగింది. తర్వాతి వాక్యంలో ‘ఈలోగా’ ఉంది, అంటే సమయం గడిచిపోయింది. ‘గడువు కాస్తా’ అన్నచోట ఆ ‘కాస్తా’ను గమనించండి. ఉన్నది కాస్తా పోయింది అన్నట్టు, నష్టం జరిగినప్పుడే మనం ఆ మాట అలా వాడతాం. కాబట్టి జరిగింది మంచిది కాదు.

ఐదు, ఊహలు చెప్పుకోవడం. ఒకటి కాదు, కనీసం రెండు. ‘ఆలస్యం’ ఒకటి. ‘విచారణ’ ఇంకొకటి. రెండింటినీ ఆ ఖాళీలో పెట్టి చదవండి. ‘మూడు నెలలు ఆలస్యం చేశాడు.’ ‘మూడు నెలలు విచారణ చేశాడు.’ వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది. మాటను మార్చి చూసే ఈ పరీక్ష మీద చాలామంది అతిగా ఆధారపడతారు. అది చెప్పేది వాక్యం విరగలేదని మాత్రమే, ఊహ నిజమని కాదు. తీర్పు చెప్పేది మిగతా ఆధారాలు. ‘రేపు చూద్దాం’ అంటున్నవాడు విచారణ చేయడం లేదు. అక్కడ రెండో ఊహ పడిపోయింది.

తప్పులు జరిగేది ఇక్కడే. కొందరికి మొదట తోచిన అర్థమే మనసులో నాటుకుపోతుంది, తర్వాత వచ్చే ఆధారాలన్నీ దానికి అనుగుణంగా వంగిపోతాయి. అందుకే రెండో ఊహ తప్పనిసరి. ఇంకొందరు ‘లంచం కోసం ఫైలు ఆపడం’ అని ఊహిస్తారు. పేరాలో లంచం ఊసే లేదు. చదివేవాళ్లు తమ అనుభవాన్ని తెచ్చి మాటకు అంటించారు. ఊహ ఎప్పుడూ ఆధారాలకు పట్టినంత మేరకే ఉండాలి, అంతకంటే ఇరుకుగా ఉండకూడదు.

ఆరు, ఊహను తాత్కాలికంగానే ఉంచుకోవడం. నాలుగు పేజీల తర్వాత ‘ఇక తాత్సారం పనికిరాదు’ అని కనిపిస్తే మీ ఊహ బలపడినట్టే. ఆపైన నిఘంటువు తీస్తే ఆలస్యంతో పాటు ‘ఉపేక్ష’ అన్న అర్థం కూడా కనిపిస్తుంది. వానకు రైలు ఆలస్యమవుతుంది గానీ తాత్సారం చేయదు. పట్టించుకోకుండా, తెలిసి తెలిసి జాప్యం చేసేది మనిషి. ఈ తేడా ఒక్క వాక్యంలోంచి రాదు. రాలేదని బాధపడనక్కర్లేదు, పేరా అర్థం కావడానికి ‘ఆలస్యం’ చాలు.

1980లో క్లార్క్, నేషన్ ప్రతిపాదించిన వరస కూడా దాదాపు ఇదే: జాతి, దగ్గరి సందర్భం, విశాల సందర్భం, ఊహ, సరిచూసుకోవడం. పరీక్షలో మీకు ఇచ్చే నాలుగు జవాబుల్లో ఒకటి సాధారణంగా ‘విచారణ’ లాంటిదే ఉంటుంది: వాక్యంలో ఇమిడిపోతుంది, పేరాలో ఇమడదు. కాబట్టి గీత గీసిన వాక్యంతో ఆపేయకుండా ముందూ వెనకా ఒక్కో వాక్యం తప్పక చదవండి.

ప్రశ్న: వాక్యంలో ఆచూకీ ఇచ్చే చిన్న మాటల జాబితా ఇవ్వగలరా?

జవాబు: జాబితా బట్టీ పట్టడం కంటే అవి చేసే పని గుర్తుపెట్టుకోవడం మేలు.

కొన్నిచోట్ల రచయితే అర్థం చెప్పేస్తాడు. ‘అంటే’, ‘అనగా’, ‘అనే’ అన్నవి అలాంటివి. “ఆ గ్రంథం చివర అనుక్రమణిక, అంటే పేజీల సంఖ్యలతో కూడిన పదాల పట్టిక, లేదు.” ఇంత తేలికైన ఆచూకీని కూడా రెండు కామాల మధ్య ఉందని దాటవేసేవాళ్లు ఎక్కువ. ‘లేదా’ దగ్గర మాత్రం జాగ్రత్త. “పీఠిక లేదా ముందుమాట” అంటే రెండూ ఒకటే. “ముందుమాట లేదా అనుబంధం” అంటే రెండూ వేరు. ఏదో ఒకటి ఎంచుకోమంటున్నాడా, మరో పేరు చెబుతున్నాడా అని వాక్యాన్నే అడగాలి.

‘వంటి’, ‘మొదలైన’, ‘ఇతర’ అన్నవి మాట ఏ గుంపులోదో చెబుతాయి. “ఉలి, బాడిస, చిత్రిక వంటి పనిముట్లు సర్దుకున్నాడు” అని ఉంటే బాడిస ఎలా ఉంటుందో తెలియకపోయినా అది పనిముట్టని తేలిపోయింది. నవలకు అంత చాలు. వడ్రంగం నేర్చుకునే పుస్తకమైతే చాలదు.

ఎదురు దిక్కు చూపేవి ‘కానీ’, ‘అయితే’, ‘బదులు’, ‘కంటే’, క్రియ చివర వచ్చే ‘-ఇనా’. వీటన్నిటిలో మాకు ఎక్కువ నమ్మకం ‘మాత్రం’ మీద. “అన్న మనసులో ఉన్నది ముఖం మీదే చెప్పేస్తాడు. తమ్ముడు మాత్రం గుంభనంగా ఉంటాడు.” ఆ ‘మాత్రం’ ఒక్కటి చాలు, గుంభనం అంటే బయటపడకపోవడమని తెలియడానికి. దీన్ని ‘సరికదా’తో కలిపేయకండి. “తప్పు ఒప్పుకోలేదు సరికదా, ఎదురు దబాయించాడు.” ఇక్కడ రెండోది మొదటిదానికి వ్యతిరేకం కాదు. అదే దిక్కులో ఇంకో మెట్టు. ఒప్పుకోకపోవడం కంటే మించినదేదో దబాయింపు. ‘సరికదా’ తర్వాత వచ్చే మాటను ఎప్పుడూ ఇలా మెట్టు పెంచి చూడాలి.

జంట మాటలు తెలుగు చదివేవాళ్లకు దొరికిన గని. ‘సిగ్గూ బిడియమూ’, ‘ఆదరాభిమానాలు’, ‘కష్టనష్టాలు’ అన్నచోట రెండూ ఒకే వైపువి. ఒకటి తెలిస్తే రెండోది దాని చుట్టమే. కానీ ‘జయాపజయాలు’, ‘ఉత్థానపతనాలు’, ‘నిమ్నోన్నతాలు’ అన్నవి ఎదురెదురు జంటలు. పతనం తెలిసినవారికి ఉత్థానం ఎదుగుదలని, ఉన్నతం తెలిసినవారికి నిమ్నం దిగువని తెలిసిపోతుంది. ఏ జంట ఏ రకమో తేల్చడానికి పక్కన చూడండి. ‘రెంటినీ’, ‘సమానంగా’, ‘మధ్య’, ‘తేడా’ లాంటివి ఉంటే ఎదురు జంట అయ్యే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: పద్యాల్లో ఎదురైన మూడు మాటలు నిఘంటువులో ఎంత వెతికినా కనబడలేదు. అచ్చుతప్పా?

జవాబు: మీరు రాసిన మూడు మాటలూ (‘గలువలు’, ‘సనియె’, ‘వోరు’) అచ్చుతప్పులు కావు, సంధి వేసిన వేషాలు. పాత తెలుగులో ప్రథమా విభక్తి మీద క, చ, ట, త, ప వస్తే అవి గ, స, డ, ద, వలుగా మారుతుంటాయి. ‘అపుడు చనియె’ అన్నది ‘అపుడు సనియె’ అవుతుంది, ‘వారు పోరు’ అన్నది ‘వారు వోరు’ అవుతుంది. వెతకాల్సింది ‘చను’, ‘పోవు’ దగ్గర. కొన్ని మాటల చివరి నకారం మీద అవే అక్షరాలు గ, జ, డ, ద, బలు అవుతాయి: ‘పూచెను కలువలు’ అన్నది ‘పూచెఁ గలువలు’. పూర్వాక్షరం పక్కన అరసున్న కనిపిస్తే ఈ మార్పు జరిగిందేమో అనుకోవాలి. ఇదేదో పద్యాలకే పరిమితం అనుకోకండి. ‘తల్లిదండ్రులు’, ‘అన్నదమ్ములు’ అంటున్నప్పుడు తండ్రి, తమ్ముడు మాటల్లోని ‘త’ను ‘ద’గా రోజూ మారుస్తూనే ఉన్నాం.

కాబట్టి వెతుకులాటకు ఒక వరస పెట్టుకోండి. మొదట ప్రత్యయాలు తీసేయండి: ‘ఉటంకించినప్పటికీ’ అన్నదాన్ని ‘ఉటంకించు’ దగ్గర చూడాలి. తర్వాత మొదటి అక్షరం మారిందేమో చూడండి: గ అయితే క, స అయితే చ, ద అయితే త, వ లేదా బ అయితే ప. ఆ తర్వాత సంస్కృత సంధి: మధ్యలో ‘ఓ’ ఉంటే అ, ఉ కలిసి ఉండొచ్చు (మహా, ఉన్నతం). ‘త్య’ ఉంటే ‘తి’ మీద అచ్చు పడి ఉండొచ్చు (అతి, అంతం కలిస్తే అత్యంతం. ప్రతి, ఉత్తరం కలిస్తే ప్రత్యుత్తరం). చివరగా, 1885 నాటి శబ్దరత్నాకరం లాంటి పాత నిఘంటువుల్లో ‘అందం’ అని ఉండదు, ‘అందము’ అని ఉంటుంది. సున్నా తీసి ‘ము’ పెట్టుకుని వెతకాలి. ‘దొరకలేదు’ అంటూ వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి జవాబు ఈ ‘ము’ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: మాటను విడగొట్టి అర్థం ఊహించమని మా మాస్టారు చెప్పారు. ‘సేవానిరతుడు’ అంటే సేవ చేయనివాడు అని రాశాను. తప్పన్నారు. ‘నిర్’ అంటే లేకపోవడమే కదా?

జవాబు: మాస్టారు చెప్పిన పద్ధతి మంచిదే, మీరు విడగొట్టిన చోటే తప్పు. అది ‘నిర్ + అతుడు’ కాదు, ‘ని + రతుడు’. రతుడంటే లీనమైనవాడు. సేవానిరతుడంటే సేవలోనే మునిగి ఉన్నవాడు. ‘నిరపరాధి’, ‘నిరాశ్రయుడు’ మాటల్లో మాత్రం నిజంగానే ‘నిర్’ ఉంది. అక్షరాలు ఒకేలా కనిపిస్తాయి, అతుకు వేరే చోట ఉంటుంది.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. ‘అనుచరుడు’లో ‘అను’ ఉంది: వెంట నడిచేవాడు. ‘అనుచితం’లో ఉన్నది ‘అన్’: ఉచితం కానిది, అంటే తగనిది. ‘ఆమరణం’ అంటే చనిపోయేదాకా. మొదటి అక్షరం దీర్ఘం. దాన్ని హ్రస్వంగా చదివి ‘మరణం లేనిది’ అనుకుంటే వాక్యం తలకిందులవుతుంది. ‘వి’ అయితే మరీ చిక్కు. ‘విఫలం’లో లేదంటుంది, ‘విముఖుడు’లో పక్కకు తిప్పుతుంది, ‘విఖ్యాతుడు’లో ఉన్న ఖ్యాతిని పెంచుతుంది.

విడగొట్టగానే అర్థమైపోయినట్టు కనిపించే ఇలాంటి మాటలే బొత్తిగా తెలియని మాటల కంటే ఎక్కువ ముంచుతాయి. తెలియని మాట దగ్గర ఆగి చూస్తాం, వీటి దగ్గర ఆగం. అందుకే విడగొట్టడాన్ని చివరికి ఉంచండి. ముందు వాక్యం నుంచి ఊహ తేవాలి, తర్వాత భాగాలు దానికి సాక్ష్యం చెబుతున్నాయో లేదో చూడాలి. “ముప్పై ఏళ్లుగా ఒక్క రోజు విరామం లేకుండా రోగులకు పరిచర్య చేసిన ఆ సేవానిరతుడికి సన్మానం చేశారు” అన్న వాక్యంలో ముప్పై ఏళ్లు, విరామం, పరిచర్య, సన్మానం అన్నీ ఒకే వైపు లాగుతుంటే ‘నిర్’ ఒక్కటే ఎదురు తిరిగింది. నాలుగు ఆధారాలు ఒక వైపు, ఒకటి ఒక వైపు ఉన్నప్పుడు అనుమానించాల్సింది ఆ ఒక్కదాన్నే.

ప్రశ్న: ప్రతి మాటా తెలిసిందే, అయినా వాక్యం కుదరడం లేదు. “రాజు ఆయనను ఉచితాసనంపై కూర్చుండబెట్టెను” అని ఉంది. డబ్బు తీసుకోకుండా అనా?

జవాబు: కాదు. ఉచితం అంటే తగినది. అతని హోదాకు తగిన ఆసనం మీద కూర్చోబెట్టారు. ‘సముచితం’లో ఈ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. మాట పాతదే, అర్థం మారిపోయింది. భారతంలో ఉద్యోగపర్వం కొలువుల గురించి కాదు, యుద్ధానికి ముందు జరిగిన ప్రయత్నాల గురించి. ఉద్యోగం అంటే అక్కడ పూనిక. పాత కావ్యంలో పూల ‘కంపు’ సువాసన కావొచ్చు. ‘ప్రమాదం’ ఏమరుపాటు కావొచ్చు.

వీటిని పసిగట్టడానికి ఒక్కటే గుర్తు: తెలిసిన అర్థంతో చదివితే వాక్యం వింతగా, హాస్యాస్పదంగా, లేదా అనవసరంగా అనిపిస్తుంది. రాజసభలో కూర్చోవడానికి డబ్బు ప్రసక్తి ఎందుకొచ్చిందని మీకు అనిపించింది కదా, ఆ అనుమానమే మిమ్మల్ని కాపాడింది. అలా అనిపించినప్పుడు రచయిత తప్పు రాశాడని కాక, ‘ఈ మాటకు ఇంకో అర్థం ఉందేమో’ అని నిఘంటువు తీయండి. అక్కడ మొదటి అర్థంతో ఆగకుండా అన్నీ చదివి, వాక్యంలో అతికేదాన్ని ఎంచుకోండి.

ప్రశ్న: ఇలా ఊహించుకుంటూ చదివిన మాటలు గుర్తుంటాయా?

జవాబు: ఒక్కసారికి గుర్తుండేవి తక్కువ. స్వాన్‌బార్న్, డి గ్లాపర్ అనేవారు అంతకుముందు జరిగిన ప్రయోగాలను కలిపి చూసి 1999లో తేల్చింది, మామూలుగా చదువుతూ పోతే ఎదురైన కొత్త మాటల్లో దాదాపు 15 శాతమే పట్టుబడతాయని. కాబట్టి నోట్‌బుక్ అవసరం. అందులో మాట, అర్థం మాత్రమే రాస్తే ఆ పేజీలు మళ్లీ తెరవబుద్ధి కాదు. మాట దొరికిన వాక్యాన్ని పూర్తిగా ఎత్తి రాయండి. కింద మీ ఊహ, ఆ కింద నిఘంటువు చెప్పింది. ఈ రెండింటికీ తేడా ఉన్నచోట గీత గీయండి. తప్పిన ఊహ పక్కన సరైన అర్థం ఉంటే మాట గట్టిగా పట్టుకుంటుంది. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి అర్థాలు మూసి వాక్యాలు మాత్రం చదివి చూసుకోండి. రోజుకు ఐదు మాటలు మించొద్దు. ఫోనులో చదివేవాళ్లు మాట మీద వేలు పెట్టేముందు ఊహను పైకి అనుకోవాలి. అర్థం వెంటనే కనబడిపోతే మనసు ఏ పనీ చేయదు.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. తెలియని మాట రాగానే ‘అమ్మా, దీనికర్థమేంటి’ అని అడుగుతుంది. ‘నువ్వే ఊహించు’ అంటే బిక్కమొహం వేస్తుంది. ఎలా నేర్పాలి?

జవాబు: ‘ఊహించు’ అన్నది పాపకు ఆజ్ఞలా వినబడుతోంది, దారి చూపించడం లేదు. తెలిసిన మాటతో మొదలుపెట్టండి. ఒక వాక్యం రాసి, అందులో ఒక మాట మీద కాగితం ముక్క పెట్టండి: “వాన మొదలవగానే సంచిలోంచి ____ తీసి విప్పాడు.” పాప వెంటనే గొడుగు అంటుంది. ‘ఎలా తెలిసింది?’ అని అడిగి, ఏ మాటలు చూసి చెప్పిందో వేలితో చూపించమనండి. వాన, సంచి, విప్పాడు. ఇప్పుడు ‘విప్పాడు’ కొట్టేసి ‘తొడుక్కున్నాడు’ అని రాయండి. గొడుగు పోయి రెయిన్‌కోటు వస్తుంది. ఒక్క క్రియ మారితే జవాబు మారిందని పాప కళ్లారా చూస్తుంది. ఈ ఒక్క ఆట వివరణలన్నిటికంటే మిన్న.

రెండో రోజు ఖాళీ బదులు లేని మాట పెట్టండి: “సంచిలోంచి లొబటి తీసి విప్పాడు.” అర్థం లేని మాట కూడా చుట్టుపక్కల వల్ల అర్థవంతమవుతుందని తెలిస్తే భయం పోతుంది. ఆ తర్వాతే పుస్తకంలోని నిజమైన కొత్త మాటలు. ఎనిమిది పది వాక్యాల పేరాలో ఒక్క మాట. పది నిమిషాలకు మించి సాగదీయొద్దు. పాప తప్పు చెబితే ‘తప్పు’ అనకుండా ‘ఏ మాట చూసి అలా అనుకున్నావు?’ అని అడగండి. సగం సార్లు దాని ఆధారం మంచిదే ఉంటుంది, ఇంకొకటి వదిలేసి ఉంటుంది.

మాటను ఎంచేముందు ఆ వాక్యం నిజంగా సాయం చేస్తుందో లేదో మీరు చూసుకోవాలి. బెక్, మెక్‌కౌన్, మెక్‌కాస్లిన్ 1983లో చెప్పినట్టు అన్ని సందర్భాలూ ఒకటి కావు. కొన్ని అర్థాన్ని చేతిలో పెడతాయి, కొన్ని ఏ దిక్కో మాత్రం చూపిస్తాయి, కొన్ని ఏమీ చెప్పవు, కొన్ని దారి తప్పిస్తాయి. “గెలిచినా ఓడినా అతని నిర్లిప్తత చెదరలేదు” అంటే సాయం ఉంది. “అతని నిర్లిప్తత చూసి అందరూ మెచ్చుకున్నారు” అంటే పాప ధైర్యమనో మంచితనమనో అంటుంది, ఆ తప్పు పాపది కాదు. అలాంటి చోట మీరే అర్థం చెప్పేయండి. అడిగిన ప్రతిసారీ తిరిగి ప్రశ్న వేస్తే చదవడమే పరీక్ష అయిపోతుంది.

ప్రశ్న: అసలు ఊహించకూడని చోట్లు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. మందు పెట్టెలోని కాగితం, పురుగుమందు డబ్బా మీది సూచనలు, సంతకం పెట్టే పత్రం. నవలలో తప్పు ఊహకు రెండు పేజీల తర్వాత దిద్దుబాటు దొరుకుతుంది. పత్రంలో దొరకదు. ఒక ఉదాహరణ చూడండి. అప్పు పత్రంలో అప్పు తీసుకునేవారి సంతకం కింద, సాక్షుల సంతకాల పక్కనే ‘హామీదారు’ అన్న చోటు ఉంటుంది. చుట్టూ ఉన్నవాటిని బట్టి అదీ సాక్షి లాంటిదే అనుకోవడం చాలా సహజం, ఈ వ్యాసంలో చెప్పిన పద్ధతిలోనే ఆ తప్పు దగ్గరికి వెళ్తాం. సాక్షి సంతకం జరగడం చూశానంటాడు. హామీదారు మాత్రం అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే తాను కడతానంటాడు. ఇలాంటి పత్రం చేతికి వస్తే తెలియని మాటలే కాదు, తెలిసినట్టు అనిపించిన మాటల కింద కూడా గీతలు గీసి, ఒక్కొక్కదానికీ అర్థం తెలిసినవారి చేత చెప్పించుకుని, అది మార్జిన్లో రాసుకున్న తర్వాతే కలం అందుకోండి.